ఆ డబ్బాలో ఉన్నది నాది

పెద్దపేగులోకి కెమెరా పంపి చూపించుకోమని మా వదిన నా వెంట పడి పదేళ్లయింది. అన్న ఆ పేగు క్యాన్సర్‌తోనే పోయాడు. అప్పుడే డాక్టరు ఆమెకు చెప్పాడట, తోడబుట్టినవాళ్లూ కన్నపిల్లలూ ఏ బాధా లేకపోయినా ఒకసారి చూపించుకోవాలని. ఫోన్ చేస్తే ఆమె మొదటి మాట అదే. నేను దుకాణం సాకు చెప్పాను, పెళ్లిళ్ల సాకు చెప్పాను, ఎండల సాకు చెప్పాను. ఒకసారి వానల సాకు కూడా చెప్పాను.

"నువ్వు జూపెట్టుకోకపోతె మీ ఇంటికచ్చి కూసుంట" అంది చివరికి. అన్నంత పనీ చేసింది. సిరిసిల్ల నుంచి బయలుదేరి, వేములవాడలో బస్సు మారి, రెండు రోజులు ఉండేటట్టు సంచి సర్దుకుని కోరుట్లలో మా ఇంట్లో దిగింది. నా భార్య వస్తానంటే, "నువ్వు ఇంట్ల ఉండు, నేను తోల్కపోత" అంది. జగిత్యాలలో కడుపు డాక్టరు దగ్గర పేరు రాయించింది కూడా ఆమే. ఇంత ప్రేమకు నేను తగనని నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

నాది కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం. పేరుకు జిరాక్సేగానీ నా బతుకంతా గల్ఫుకు పోయేవాళ్ల ఫారాలు నింపడంలోనే గడిచింది. సారంగాపూర్ నుంచి, ధర్మపురి దిక్కు నుంచి జనం మొదటి బస్సుకు వచ్చి నా మెట్ల మీద కూర్చునేవాళ్లు. నేను ఏనాడూ విమానం ఎక్కలేదు. అయినా దుబాయికి ఎట్లా పోవాలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నాకు గొప్ప. ముఖ్యంగా పోయేముందు చేసే మెడికల్ పరీక్ష సంగతి. అందులో 'అన్‌ఫిట్' అని పడితే మనిషి పని అయిపోయినట్టే. అందుకని మా దగ్గర గల్ఫుకు పోయేవాళ్లు జబ్బు ఉంటే డాక్టరుకు చెప్పరు, డాక్టరు దగ్గరే దాస్తారు. దగ్గును ఎట్లా దాచాలి, బీపీని ఎట్లా దాచాలి అని సలహాలు చెప్పేవాణ్ని. పుణ్యం అనుకుని చెప్పేవాణ్ని.

మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. అన్న చెట్టెక్కే మోకు ముట్టలేదు. సిరిసిల్లలో పిల్లనిచ్చిన వాళ్ల వాడకట్టులోనే ఉండి మరమగ్గాలు నడిపాడు. వాటిని అక్కడ సాంచాలంటారు. నిలబడి చేసే పని, పన్నెండు గంటల పని. ఆ సాంచాలు ఒక్కటొక్కటిగా ఆగిపోయిన రోజులవి. ఇవాళ ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో ఎవరో ఉరిపెట్టుకున్నారని వినేవాళ్లం. ఒకనాడు అన్న నా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు.

"పొద్దుగాల లేస్తె సాంచ సప్పుడు లేదు తమ్మీ. వాడంత బుగులు బుగులు ఉన్నది. నేను గూడ దుబాయి పోత."

అప్పుడు ఆయన బిడ్డ ఇంకా బడికి పోతోంది. వదిన బీడీలు చేస్తోంది. కాగితాలన్నీ నేనే నింపాను. వీసా వచ్చింది. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది.

దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందని అన్న నాకొక్కడికే చెప్పాడు. వదినకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. "నిలవడి నిలవడి వేడి జేసింది. పొద్దటి ఈతకల్లు తాగు, తక్కువైతది" అన్నాను. కల్లుగీసే ఇంట్లో పుట్టినవాళ్లం, మాకు వేడికి అదే మందు. ఆయన నా మాట విని నెల రోజులు తాగాడు.

మెడికల్‌కు ఇద్దరం పట్నం పోయాం. ఎక్స్‌రే తీశారు, రక్తం తీసుకున్నారు, చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి తెల్లారి మలం పట్టుకు రమ్మన్నారు. లాడ్జిలో పొద్దున బాత్రూం నుంచి బయటికి వచ్చిన అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎర్రగనే ఉన్నది తమ్మీ. గిది జూస్తె అన్‌ఫిటే."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఖాళీ డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుని లోపలికి పోయాను. తిరిగొచ్చి మూత బిగించి, పైన ఆయన పేరు నా చేత్తోనే రాశాను. "నా పరీక్ష నీ కడుపు రాస్తున్నది గదరా" అన్నాడు అన్న. ఇద్దరం నవ్వాం. లాడ్జి మెట్లు దిగుతూ నవ్వాం, హోటల్లో చాయ్ తాగుతూ నవ్వాం. చేసిన పనికంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాలుస్తుంది. 'ఫిట్' అని కాగితం వచ్చింది. విమానం ఎక్కాడు.

నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు విమానాశ్రయంలో ఆయన్ను నేను గుర్తుపట్టలేదు, ఆయనే నన్ను పిలిచాడు. అప్పటికి పేగులోది కాలేయానికి పాకింది. నలభై నిండీ నిండకుండానే పోయాడు. మంచంలో ఉన్నప్పుడు కూడా మేమిద్దరం ఆ డబ్బా మాట ఎత్తలేదు. ఒక్కసారి ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. నేను నీళ్లు తెస్తానని లేచిపోయాను.

జగిత్యాల దవాఖానలో సిస్టరు ముందుగా ఒక ఫారం ఇచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్న దగ్గర అన్న అని రాశాను. మొదట లక్షణాలు ఎప్పుడు కనిపించాయి అని పక్కనే ఇంకో గడి ఉంది. నా పెన్ను ఆగింది. వదిన వంగి చూసి, "దుబాయి పోయిన రెండేండ్లకు. అప్పుడే నాకు ఫోన్ల జెప్పిండు. గట్లనే రాయి" అంది. అట్లాగే రాశాను. ఏ గడిలో ఏం రాస్తే గొడవ ఉండదో తెలిసినవాణ్ని కదా.

తర్వాత పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు తాగించారు. ఉప్పగా, పుల్లగా, ఏ నోటికీ సయించని నీళ్లు. వదిన జగ్గు పట్టుకుని నా ముందు కూర్చుంది. "ఇంక మూడు గిలాసలే. ముక్కు మూస్కొని తాగు" అని చిన్నపిల్లాణ్ని బుజ్జగించినట్టు తాగించింది. తాగడం, పరుగెత్తడం, మళ్లీ తాగడం. యాభై దగ్గర పడ్డ మనిషిని, వదిన ముందు లుంగీ పట్టుకుని పరుగెత్తడానికి మొదట్లో సిగ్గేసింది. పదోసారికి సిగ్గు కూడా కొట్టుకుపోయింది.

"ఈసారి నీళ్లు పోయకండి. తేటగా వచ్చిందో లేదో నేను చూడాలి" అంది సిస్టరు. ఆ అమ్మాయి ముక్కు కూడా మూసుకోకుండా లోపలికి పోయి, కళ్లతో చూసి వచ్చి, "ఇంకో గ్లాసు తాగండి" అంది. ఇట్లా ఒక మనిషి చూడాల్సినదాన్ని నేను ఆనాడు చూడనివ్వలేదు.

మత్తు ఇస్తారన్నప్పుడు నాకు పట్టుకున్న భయం క్యాన్సర్ గురించి కాదు. మత్తులో నోరు జారుతానేమోనని. వెనక తాళ్లు కట్టే గౌను తొడిగి, ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకోమన్నారు. డాక్టరు ఏ ఊరని అడిగాడు, నేను కోరుట్ల అన్నాను. అంతే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి వదిన పక్కన ఉంది.

"నేనేమన్న మాట్లాడిన్నా?"

"గురక వెట్టినవ్" అంది.

కాసేపటికి డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి ఫొటో చూపించాడు. గులాబీరంగు పేగు గోడ మీద కందిగింజంత కండ. "దీన్ని తీసేశాం. పరీక్షకు పంపిస్తాం గానీ, చూస్తే భయపడేది లాగా లేదు. ఇట్లాంటివే వదిలేస్తే కొన్ని ఏళ్ల మీద క్యాన్సర్ అవుతాయి" అన్నాడు.

వదిన ఆ ఫొటోను చాలాసేపు చూసింది. "మా ఆయనకు గూడ ముందుగాల గింతే ఉండెనా సార్?"

"ఎప్పుడో ఒకప్పుడు ఇంతే ఉంటుందమ్మా. రక్తం పడ్డప్పుడే చూసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నేను చెప్పలేను. బాగయ్యేవాళ్లు చాలామందే ఉంటారు" అన్నాడు. అన్న పిల్లల వయసు అడిగి, బిడ్డకు ముప్పై వస్తున్నాయని వదిన అంటే, తండ్రికి బయటపడ్డ వయసుకు పదేళ్ల ముందే చూడాలి, తీసుకురండి అన్నాడు.

బయట చెక్కబల్ల మీద కూర్చున్నాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "నువ్వు దక్కినవ్. గంతే చాలు" అంది. ఆ మాట నేను మోయలేకపోయాను.

"వదినా, అన్నకు రక్తం పడుడు దుబాయిల మొదలు కాలే. గీడ ఉన్నప్పుడే పడ్డది. మెడికల్ల డబ్బ ఇయ్యుమంటె నేను నాది ఇచ్చిన."

"నీదేంది?" ఆమెకు అర్థం కాలేదు. లాడ్జి, బాత్రూం, డబ్బా, పేరు రాయడం, అంతా చెప్పాను. నవ్విన సంగతి కూడా చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"రక్తం పడుతున్నదని ఫోన్ల జెప్పిన కాడికెల్లి దవాఖానకు పో, దవాఖానకు పో అని మొత్తుకున్న" అంది మెల్లగా. "పోయేటప్పుడు అన్ని పరీక్షలు జేసిండ్రు, మలం గూడ జూసి ఫిట్ అని రాసిచ్చిండ్రు, నాకేం లేదు, గిది ఎండల వేడి అనెటోడు. డాక్టర్లు రాసిండ్రంటె ఇంకేందని నమ్మిన. ఇగ అడుగుడు బంద్ జేసిన."

నేను మోసం చేసింది మెడికల్ వాళ్లనని ఇన్నాళ్లూ అనుకున్నాను. అన్నను బతికించగలిగిన ఒకే ఒక్క నోరు ఈమెది. ఆ నోరు మూయించిన కాగితం నా కడుపు లోంచి వచ్చింది.

"తిట్టు వదినా. కొట్టు" అన్నాను.

"తిడితె నీకు సల్లగైతది" అంది.

కోరుట్ల దాకా బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మలుపుల దగ్గర నేను పడిపోకుండా ఆమె నా రెక్క పట్టుకుంది. ఇంట్లోకి వచ్చి మందుల కవరు నా భార్య చేతికిచ్చి, ఏది అన్నానికి ముందో ఏది తర్వాతో రెండుసార్లు చెప్పింది. రెండు రోజులు ఉంటానన్న మనిషి చాయ్ కూడా తాగకుండా సంచి తీసుకుంది. గడప దగ్గర నా వైపు తిరిగింది.

"వచ్చే నెల బిడ్డను జగిత్యాలకు తోల్కపోత" అంది. "నువ్వు రాకు."