కొన లేని రవ్వ

పట్టు పని చేసే ఇళ్లల్లో ఆడవాళ్లు రాళ్ల ఉంగరాలు పెట్టుకోరు. పెట్టుకున్నా దారం ముట్టే ముందు తీసి గూట్లో పెట్టేస్తారు. రాయి కొన ఒక్కసారి పోగుకు తగులుకుందంటే ఆ చీర పాడయినట్టే. ధర్మవరంలో నాయన మగ్గం పక్కన కండెలకు పట్టుదారం చుడుతూ పెరిగిన నాకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. చివరికి ఆ తెలివే నన్ను వెర్రిదాన్ని చేసింది.

ఎనభైల మొదట్లో మాట ఇది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేనూ, నాయనా, ఒక గుంట మగ్గం. నాయన చెల్లెలు, అంటే మా అత్త, కొత్తచెరువులో ఉండేది. వాళ్లకూ మగ్గాలున్నాయి. ఆమె కొడుకు, మా బావ, చీరలు ఊళ్లకు తీసుకెళ్లి అమ్మేవాడు. నేను పుట్టినప్పుడే అత్త నన్నెత్తుకుని "ఇది నా కోడలు" అందట. మేనరికంలో పెళ్లిచూపులుండవు, నీకిష్టమేనా అని అడగడాలుండవు. వంటింట్లో ఉప్పు ఉందా అని రోజూ ఎవరూ మాట్లాడుకోరు. నా పెళ్లి సంగతీ అంతే.

ఆ వేసవిలో అత్త మా మగ్గానికి ఒక చీర పురమాయించింది. వంకాయ రంగు ఒళ్లు, చిలకపచ్చ అంచు. "అన్నా, నిశ్చితార్థానికి ఇది. మనసు పెట్టి నెయ్యి" అని నాయనతో అంటుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. ఎవరి నిశ్చితార్థమని అడగడానికి నాకేం పిచ్చా? ఎండలకు దారం ఊరికే తెగిపోయేది. మగ్గం గుంట చుట్టూ నీళ్లు చల్లుదామంటే ఒక్క బిందె కోసం బోరింగు దగ్గర కొట్లాడాలి. కొట్లాడాను. ఆ చీరకి కండెలన్నీ నేనే చుట్టాను. బావ ఆ నెలంతా మా గడప తొక్కలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను!

ఒకరోజు అత్త వచ్చి, "పిల్లా, పద అనంతపురానికి. ఉంగరం చూద్దాం" అంది. అంగడిలో సేటు కాగితం మడత విప్పి రెండు రవ్వలు మా ముందు పెట్టాడు. వానలు పడ్డాక వజ్రకరూరు చేలల్లో జనం వంగి వంగి వెతుక్కునే రాళ్లు ఇవేనా అని అడిగాను. "అవే అనుకోమ్మా, సానబడితే ఇట్లుంటాయి" అని నవ్వాడు.

రెండూ కోల రవ్వలే. ఒకటి వడ్లగింజలా రెండు కొనలూ సూదిగా ఉంది. ఇంకొకటి శెనక్కాయ విత్తనంలా, ఎక్కడా కొన లేకుండా నున్నగా ఉంది. సేటు ఒక్కొక్కదాన్నీ మైనంతో ఉత్త ఉంగరానికి అంటించి నా చేతికిచ్చాడు. వడ్లగింజ పెట్టుకుంటే నా పొట్టి వేలు కూడా పొడుగ్గా, సన్నగా కనిపించింది. చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. మనసంతా దాని మీదే పడింది. రెండోది పెట్టుకుంటే వేలు నా వేలులాగే ఉంది.

"ఏది కావాల్నో నువ్వే చెప్పు" అంది అత్త.

ఆ ఇంటికి వెళితే పొద్దున లేచింది మొదలు పట్టే కదా ముట్టుకోవాలి, ఎన్నిసార్లని తీసి గూట్లో పెట్టను? వేలి మీంచి తీయాల్సిన అవసరం రాని ఉంగరం కావాలనిపించింది. వడ్లగింజను సేటు వైపు జరిపేశాను. "ఇది చాలత్తా. కొనలుంటే పట్టుకు తగులుకుంటాది" అన్నాను. కోడలంటే ఇలా ఉండాలని అత్త మురిసిపోతుందనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని "నా బంగారం" అంది. సేటుతో బేరం మాట్లాడాలని నన్ను సోడా తాగి రమ్మంది.

సిగ్గుతో ఇవేవీ నాయనకి చెప్పలేదు. చీర చెంగు దగ్గరికి వచ్చేసరికి జరీ చాలక ఆయన కొత్తచెరువు వెళ్లి తెచ్చుకున్నాడు.

చీర మగ్గం దిగిన రోజు అత్త వచ్చింది. నాయన దాన్ని మడిచి ఆమె ఒళ్లో పెట్టాడు. అత్త సంచిలోంచి చిన్న డబ్బీ తీసి తెరిచింది. లోపల వడ్లగింజ.

నాకు నవ్వొచ్చింది. "అత్తా, సేటు మార్చేసినాడు! కొన లేనిది కదా నేను చెప్పింది. ఇది పట్టుకు తగులుకుంటాది" అన్నాను.

అత్త డబ్బీ మూసేసింది. "ఏం తగులుకోదులే. ఆ పిల్ల మగ్గం జోలికి వచ్చేది కాదు. గుంతకల్లులో పుట్టి పెరిగినాది, వాళ్ల నాయనది రైల్వే ఉద్యోగం. మీ బావకి ఆ సంబంధమే నచ్చినాది. నన్నేం చేయమంటావు?"

నేను నాయన వైపు చూశాను. ఆయన ఖాళీ మగ్గం వైపు చూస్తున్నాడు.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది. మేనల్లుడు బయటి పిల్లను చేసుకోవాలంటే ముందు మేనమామ ఇంటికి వచ్చి, మరదలికి ఒక నగ పెట్టి, సరే అనిపించుకోవాలి. అప్పటిదాకా తాంబూలాలు మార్చుకోరు. అత్త సంచిలోంచి ఇంకో డబ్బీ తీసి, తమలపాకుల మీద పెట్టి నాయన ముందుకు చాపింది. తెరవకముందే నాకు తెలిసిపోయింది. అంగడిలో నేను ఎంచుకున్నది నా నిశ్చితార్థపు ఉంగరం కాదు, నా నోరు మూయించే ఉంగరం. మనసు పడ్డదాన్ని ఆ పిల్లకి నా చేత్తోనే వదిలేసి వచ్చాను. ఒళ్లు మండిపోయింది. పోనీ తిడదామంటే, అత్త నాతో ఒక్క అబద్ధమైనా ఆడలేదు. ఉంగరం చూద్దామంది, చూపించింది.

నాయన ఆ డబ్బీని వీధిలోకి విసిరికొడతాడనుకున్నాను. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

అత్త వెళ్లిపోయాక అడిగాను. "నాయనా, నీకు ముందే తెల్సా?"

"లేదు తల్లీ. నీ మాదిరే నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

నమ్మాను. పాపం ఇద్దరమూ మోసపోయామనుకుని, ఆయన మోకాలికి తల ఆనించి ఏడ్చాను. నాయన నా తల నిమిరాడు. తర్వాత ఉంగరం తీసి, నన్ను ఊరడించడానికే కాబోలు, మెల్లగా అన్నాడు.

"వడ్లగింజను తిప్పి తిప్పి చూసుకున్నావంట. అయినా దాన్ని ఆ పిల్లకి వదిలేసి ఇదే చాలన్నావంట. మొన్న జరీకి పోయినప్పుడు మీ అత్త ఒకటే మెచ్చుకున్నాది తల్లీ. పెట్టుకో."

ఏడుపు ఆగిపోయింది. జరీ తెచ్చాకే ఆయన చెంగు నేశాడు. నేస్తున్నన్నాళ్లూ "ఇంకో కండె తే తల్లీ" అని పిలిచి మరీ అడిగాడు. పిలిచిన ప్రతిసారీ పరుగెత్తి తెచ్చి ఇచ్చాను.