నాలుగుంబావుకి చేరిన పిల్ల

నాకు లెక్కలు చెప్పడం వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. వంట అంతంతమాత్రం, పాట అసలే రాదు, కుట్టుమిషను ముందు కూర్చుంటే దారం తెగుతుంది. కానీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని, అంటే చెప్పిన మాట వినే వయసు దాటిపోయి, విన్నా విననట్టు నటించే వయసులో పడ్డవాళ్ళని, పీరియడంతా లెక్కల్లో కూర్చోబెట్టగలను. నిజానికి కూర్చోబెట్టను, లేపి నడిపిస్తాను. తక్కిన టీచర్లకు నా మీదున్న ఫిర్యాదు కూడా అదే.

మా బడి ఖరగ్‌పూర్‌లో రైల్వే స్థలం అంచున ఉంది. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి గార్డుల పిల్లలు, టీసీల పిల్లలు వస్తారు. బజారు నుంచి మన తెలుగు కొట్లవాళ్ళ పిల్లలు వస్తారు. ఇందా అనే పేట నుంచి టోటోల్లో, అంటే బ్యాటరీ రిక్షాల్లో, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని బెంగాలీ పిల్లలు వస్తారు. పేరుకి ఇంగ్లీషు మీడియం. తగాదా వచ్చిందంటే మాత్రం ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారు, అందరికీ అన్నీ అర్థమవుతాయి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, కాబట్టి నేనూ ఈ ఊరి సరుకునే.

ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ఆరో తరగతి లెక్కలు నా చేతికి వచ్చాయి. అంతకుముందు చెప్పినావిడ బదిలీ అయిన భర్తతో వెళ్ళిపోతూ, ఒక పిల్లను వేలుపెట్టి చూపించి మరీ వెళ్ళింది. "ఆ గార్డుగారమ్మాయి మీద టైము తగలెయ్యకండి. దశాంశాలు ఒకరోజు అన్నీ రైటు, ఇంకోరోజు అన్నీ తప్పు. పక్కదాని పేపర్లో చూసి రాస్తుంది, ఆ పక్కది రానిరోజు ఇది గోవిందా."

హెడ్‌మిస్ట్రెస్ గారు అప్పటికే ఆ పిల్ల తల్లిని పిలిపించి తేల్చి చెప్పారట. వార్షిక పరీక్షలో కూడా లెక్కలు తప్పితే పిల్ల మళ్ళీ ఆరులోనే ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు బెంగాలీ ఆవిడ, మాటకి కట్టుబడే మనిషి, అన్నారంటే అన్నట్టే.

ఆ తల్లిని నేనెరుగుదును. రైల్వే ఆసుపత్రిలో ఆయా. ఆదివారం చర్చిలో నా వెనక బెంచీ. ఆ ఆదివారం ఆరాధన అవగానే, చెప్పులేసుకోకుండానే నా దగ్గరికి వచ్చేసింది.

"ఏటి సెయ్యమంటారు టీచరమ్మా? లెక్కలు తప్పినప్పుడల్లా ఈపు ఇమానం మోత మోగించినాను. అయినా దీని బుర్రకెక్కడం నేదు. తోటి పిల్లలు ఏడుకెళిపోయి ఇదొక్కర్తీ ఆరులో మిగిలిపోతే బయటికి మొకం సూపించదు. అసలే నోట్లో నాలిక నేని పిల్ల."

పిల్ల, తల్లి కొంగు వెనక నిలబడి గచ్చు వైపు చూస్తోంది. చూడగానే నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు. పదకొండేళ్ళ మనిషిని మొద్దు అని తీర్మానించడానికి ఇంతమంది పెద్దవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారే అని.

"కొట్టడం ఆపెయ్యి. మిగతాది నాకొదిలెయ్యి," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. పక్కనున్న పెద్దాయన దగ్గి మరీ చూశాడు.

దశాంశాలు నేను బోర్డు మీద మొదలుపెట్టను. ఆ వారం వరండా పొడుగునా సుద్దతో ఒక గీత గీశాను. అది పట్టా. దూరం దూరంగా పెద్ద గుర్తులు, అవి స్టేషన్లు: ఒకటి, రెండు, మూడు, అలా ఆరు దాకా. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య దూరాన్ని పది భాగాలు చేస్తూ చిన్న గుర్తులు. పిల్లలే బళ్ళు. డబ్బాలోంచి చీటీ తీసి, అందులో ఎంత ఉంటే అంత ముందుకు నడవాలి. ఎక్కడ ఆగాలో మనసులో కూడుకుని నేరుగా అక్కడికే వెళ్ళాలి, వేళ్ళతో లెక్కపెడుతూ పాకకూడదు. కూత కూయొచ్చు. కూత కూయొచ్చు అన్నాక వెనక బెంచీలు కూడా ముందుకొచ్చాయి.

ఆ పిల్ల వంతు వచ్చింది. 2.45 దగ్గర నిలబడి ఉంది. చీటీ తీసింది: 1.30. కూయలేదు గానీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చకచకా నడిచి, మూడు దాటి, నాలుగు దాటి, 4.15 దగ్గర కాళ్ళు జోడించి ఆగింది.

క్లాసు గొల్లుమంది. "త్రీ పాయింట్ సెవెన్ ఫైవ్!" అని బజారు పిల్ల ఒకతి అరిచింది. నేను మాత్రం ఆ పిల్ల కాళ్ళనే చూస్తున్నాను. ఊహించి చెప్పేవాళ్ళు తడబడతారు, పక్కవాళ్ళ మొహం చూస్తారు. ఈ పిల్ల ఎవరి మొహమూ చూడలేదు. ఇంత ధైర్యంగా తప్పు చేసేవాళ్ళు ఉండరు.

దగ్గరికెళ్ళి వంగి, "ఎలా నడిచినావో సెప్పు," అన్నాను. ఎందుకు తప్పావు అనలేదు.

గచ్చు మీది గీత చూపిస్తూ చెప్పింది. "రెండు నలబయ్యయిదుకి బయల్దేరినాను టీచర్. గంటన్నర నడక. నాలుగుంబావుకి సేరిపోనాను."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. బండి అన్నది నేనే, స్టేషన్లు గీసింది నేనే. ఆ పిల్ల బండి సరైన టైముకే చేరింది. నలభయ్యయిదుకి ముప్పై కలిపితే డెబ్బయ్యయిదు. అరవై నిండగానే ఒక గంట పక్కకి వేసేసింది. రైల్వే ఇళ్ళల్లో టైము రాసేదే అలా, మధ్యలో చుక్క పెట్టి. గోడ మీది క్యాలెండరులో నాన్న డ్యూటీ కూడా అలాగే ఉంటుంది. ఆ ఇళ్ళ పిల్లలకు ఆ చుక్క పుస్తకం కంటే ముందే తెలుసు. అరవై నిండని లెక్కల్లో జవాబు రైటు, నిండితే తప్పు. ఒకరోజు అన్నీ రైటు, ఇంకోరోజు అన్నీ తప్పు రావడానికి పక్కదాని పేపరుతో పనే లేదు.

"ఇంట్లో ఇలాంటి లెక్కలు నువ్వే సేస్తావా?"

"నాన్న 6.50కి బయల్దేరితే, 3.25 పడితే, 10.15కి వస్తాడు గదా టీచర్. నాను సెప్తేనే మాయమ్మ ఎసరు పెడతాది. అన్నం సల్లారిపోతే నాన్న తినడు."

"ఎప్పుడైనా తప్పినాదా?"

"బండి లేటయితే తప్పినాది. నా లెక్క తప్పలేదు."

ఆ మాటలో పొగరు వినిపించింది. ఆ పిల్లలో పొగరు చూడటం అదే మొదటిసారి, నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

వరండాలో అందరినీ అడిగాను, ఇంకెవరెవరు నాలుగుంబావుకి చేరతారని. ముందు ఎవరూ చెయ్యెత్తలేదు. తర్వాత ట్రాఫిక్ పిల్లల చేతులు ఒక్కొక్కటే లేచాయి. బజారు పిల్లలది ఇంకో దారి. వాళ్ళకి 2.45 అంటే రెండు కిలోల నాలుగు వందల యాభై గ్రాములు. దానికి ఒక కిలో మూడు వందలు కలిపితే మూడుముప్పావు, ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నట్టు చూశారు. పుట్టిన దగ్గర్నుంచీ తక్కెడ పక్కన పెరిగినవాళ్ళు మరి.

దాంతో నాకు ఆ ఏటికి సరిపడా ఆట దొరికింది. బజారు పిల్లలు తెచ్చిన మిఠాయి డబ్బాల అట్టలు కత్తిరించి, ఒక వైపు గడియారం, ఇంకో వైపు తక్కెడ బొమ్మ వేయించాను. నేను ఒక సంగతి చెబుతాను, బండి బయల్దేరిందనో, బెల్లం తూచారనో, రిబ్బను కొలిచారనో. కూడిక మొదలెట్టకముందే అట్ట ఎత్తాలి. అరవైకి మారే లెక్కా, వందకి మారే లెక్కా? తప్పు అట్ట ఎత్తినవాళ్ళకి అవతలి జట్టువాళ్ళు పాఠం చెప్పాలి. గడియారం వాళ్ళు తక్కెడ వాళ్ళకి, తక్కెడ వాళ్ళు గడియారం వాళ్ళకి. ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు డ్యూటీలు చేసే నాన్నలున్న బెంగాలీ పిల్లలు ఏ జట్టో తేలక, రెండు జట్లలోనూ దూరి పోట్లాడారు. గోల ఆఫీసు గది దాకా వెళ్ళింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఎ కీ హొచ్ఛే? ఇది క్లాసా, హాటా?" అన్నారు. ఏం జరుగుతోందిక్కడ అని. హాటంటే సంత.

"రెండూ మేడమ్," అన్నాను. "పరీక్షలయ్యాక మాట్లాడుకుందాం."

"ఠీక్ హై," అని వెళ్ళిపోయారు. ఆ ఠీక్ హైలో బెదిరింపు ఉందని నాకు తెలుసు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

వార్షిక పరీక్షలో ఆ పిల్ల పాసయింది. పాసవడమే కాదు, దశాంశాల్లో ఒక్క తప్పూ లేదు. కొత్త చిక్కు అక్కడే వచ్చింది. ఏడాదంతా తప్పిన పిల్లకి ఇన్ని మార్కులెలా వస్తాయి? కాపీ కొట్టిందని పాత పేరు ఉండనే ఉంది. రిజల్టు ఆపి, తల్లినీ పిల్లనీ పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. తల్లిని బయట బెంచీ మీద ఉంచి, పిల్లను ఒక్కర్తినే బోర్డు ముందు నిలబెట్టి, హెడ్‌మిస్ట్రెస్ గారు స్వయంగా సుద్ద పట్టుకుని రాశారు: 5.10 లోంచి 2.40 తీసెయ్యి.

  పిల్ల ఏడుకి వెళ్తుందో, ఆరులో ఉండిపోతుందో ఆ నిమిషంలో తేలిపోతుంది, నేను పెదవి కదిపినా దానికే నష్టం. గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"మేడమ్," అని గొంతు వినిపించింది. సన్నగానే, వణకకుండా. హిందీలో అడిగింది. "ఇది టైమా, తూకమా?"

"ఏంటి?"

"టైమైతే 2.30. తూకమైతే 2.70. మీరు రాయలేదు గదా, అందుకని అడిగినాను."

హెడ్‌మిస్ట్రెస్ గారు బోర్డు వైపు చూశారు. తర్వాత తన వేళ్ళ వైపు చూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి, రెండు విధాలా కట్టి చూసుకుంటున్నారని నాకర్థమయింది. కళ్ళజోడు తీసి, "క్లాస్ సెవెన్," అన్నారు. అంతే. మంచి మనిషి, ఓడిపోయినప్పుడు మాటలు పెంచరు.

బయటికొచ్చి తల్లికి చెప్పాను. కాపీ కాదని, ఏడుకి వెళ్ళిందని, ఇన్నాళ్ళూ ఏం జరిగిందో కూడా విడమరిచి చెప్పాను. "నువ్వు ఎసరు పెట్టడానికి అడిగే లెక్కనే నీ కూతురు బళ్ళో కూడా చేసింది. నీకు ఇంట్లో పనికొచ్చిన లెక్కే ఇక్కడ సున్నా అయింది."

తల్లి తలూపింది గానీ చూపు నా మీద లేదు. పిల్ల అప్పటిదాకా నవ్వుతూ ఉన్నదల్లా నా కొంగు పట్టుకుంది.

"అయితే ఆ లెక్కలు తప్పు కాదేటి టీచర్?"

"కాదమ్మా."

 కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. "మరి నాను తిన్న దెబ్బలేటి?"

ఏ ప్రశ్నకైనా టక్కున జవాబు చెప్పే దాన్ని. కానీ దీనికి చెప్పవలసింది నేను కాదు. వరండా నిండా తల్లిదండ్రులు, రిజల్టు రోజు. తల్లి అందరి మధ్యా ఆ గచ్చు మీద కూలబడి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"నానే తప్పు సేసినానమ్మా," అంది. అందరికీ వినబడేంత గట్టిగా అంది.