వరద తగ్గిన ఊళ్లో ఒక సెలవు రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ ప్రయాణమూ అనుకున్నట్టు జరిగేది కాదు. టేకులపల్లికి దగ్గర్లో, బొగ్గుబాయి కాలనీలో ఉండేవాళ్లం. నాన్నకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఆయనకే తెలిసేది కాదు. ఆ ఏడు దసరా సెలవుల్లో నన్నూ తమ్ముణ్ణీ హైదరాబాదు తీసుకెళ్లి జూ చూపిస్తానన్నాడు. బట్టలు సర్దుకున్నాక, బయల్దేరే ముందురోజు, సెలవు లేదన్న కబురుతో ఇంటికొచ్చాడు. నేను అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను.

తెల్లారేసరికి మా తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "సంచి ఇప్పకుండ్రి. నేను తోల్కపోత పాండ్రి" అన్నాడు.

బస్టాండుకు వెళ్తే హైదరాబాదు బస్సులో కాలు పెట్టే సందు లేదు. కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి అందరూ సీట్లు పట్టేశారు. తరువాతి బస్సూ అంతే. దాని పక్కన మాత్రం గోదావరి వైపు వెళ్లే బస్సు ఖాళీగా నిలబడి ఉంది. భద్రాచలం దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఒక పల్లె దాకా వెళ్తుందది. అంతకుముందు సెలవులొస్తే రామయ్య దర్శనం చేసుకున్నవాళ్లు అక్కడి ఇసుకతిన్నెలు చూడటానికీ, పడవ ఎక్కడానికీ వెళ్లేవారు. ఆ వానాకాలం వరద ఊరిని ముంచెత్తింది. అప్పటినుంచి ఎవరూ అటు వెళ్లడం లేదు.

దారి బాగయిందా, తాగే నీళ్లు దొరుకుతాయా అని తాతయ్య కండక్టర్‌ని అడిగాడు. "అవన్నీ మంచిగనే ఉన్నయ్ పెద్దాయనా. గని పిల్లలను తోల్కొని ఆడికెందుకు? ఆడేముంది, బురద తప్ప" అన్నాడతను. తాతయ్య నవ్వి టికెట్లు తీసుకున్నాడు. నేను దారి పొడుగునా ముఖం ముడుచుకునే కూర్చున్నాను.

మేం దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇళ్ల గోడల మీద తాతయ్య తలకన్నా ఎత్తున బురద గీత ఉంది. కొన్ని ఇళ్లకు తలుపులు లేవు. ఏటి ఒడ్డున టార్పాలిన్ కింద ఒకామె కొత్తగా వేసిన పొయ్యిని అలుకుతోంది. వరదకు ముందు అక్కడే ఆమెకు పెంకుటింట్లో హోటల్ ఉండేదట. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది.

"నష్టం రాసుకోనీకి వచ్చిండ్రా సారూ? మాది ఇల్లు పోయింది, గిన్నెలు పోయినయ్, రెండు మేకలు..." అని వల్లించినట్టు చెప్పుకుపోతోంది. రెండు నెలలుగా ఎంతమందికి అలా చెప్పిందో.

"మేం రాసుకునేటోళ్లం కాదు చెల్లె" అన్నాడు తాతయ్య. "పిల్లలకు సెలవులు. మీ ఊరు సూద్దామని వచ్చినం."

"మా ఊరు సూడనీకా?" అని ఆమె అడిగింది. తాతయ్య అవునన్నాడు. "ఇప్పుడా?" అని మళ్లీ అడిగింది. తరువాత చేతులు కడుక్కుని, మాకు చాప పరిచి, వాళ్లాయన పొద్దున పట్టిన బొచ్చెచేప ఉందనీ, పులుసు పెడతాననీ చెప్పింది.

అప్పుడు నేను, ఆమెకు వినబడేలాగే, "నేను తినను. ఇక్కడంతా బురద వాసన" అన్నాను.

చింతపండు పిసుకుతున్న ఆమె చేయి ఆగిపోయింది. తాతయ్య నన్ను కోప్పడతాడనుకున్నాను. ఆయన నావైపు చూడనైనా లేదు. "చెల్లె, పులుసు ఉడికేలోపల మా మనుమరాలికి మీ ఏరు సూపియ్యరాదు? పొయ్యి కాడ నేనుంట" అన్నాడు.

తమ్ముణ్ణి తాతయ్య దగ్గరే ఉంచి, ఆమె నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఒడ్డు దిగాక, వరద తెచ్చి పోసిన ఒండ్రుమట్టిలో మొలిచిన బొబ్బెర మొక్కలు చూపించి, "గిన్నేండ్లల్ల గిట్ల మొల్సుడు నేను సూడలే" అంది. ఆ ఏడు కొత్తగా పడిన ఇసుకతిన్నె మీద నన్ను పరుగెత్తనిచ్చింది. వాళ్లాయన పడవలో కూర్చోబెట్టింది. నీళ్లలో చేయి పెట్టి చూస్తే గోదావరి చల్లగా వేళ్ల మధ్య నుంచి పోతోంది. తిరిగి వచ్చేసరికి నాకు ఆకలి దంచేస్తోంది. ఆ పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. ఆమె చేప నడిమి ముక్క తీసి నా పళ్లెంలో వేసింది.

బయల్దేరేటప్పుడు బస్సు దాకా వచ్చి తాతయ్యతో నెమ్మదిగా చెప్పింది. మర్నాడు పొద్దున్నే సామాను కట్టుకుని తల్లాడ వైపు పత్తి ఏరడానికి వెళ్లిపోదామనుకున్నారట. "ఇంకో వారం సూస్తం, అన్నా" అంది.

బస్సులో తాతయ్య తన సంగతి చెప్పాడు. ఒకసారి బాయిలో కప్పు కూలి ఆయన కాలు విరిగిందట. కాలనీ అంతా వచ్చి అయ్యో అని వెళ్లారట. "ఒక్క దోస్తు మాత్రం పేకముక్కలు పట్టుకొచ్చి, ఆడుదాం లెవ్వు అన్నడు. ఆనాడే నాకు లెవ్వబుద్ధయింది" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఇంటికొచ్చాక పక్కింటి అక్క అడిగితే ఆయన చేపల పులుసు గురించీ, ఇసుక గురించీ, పడవ గురించీ చెప్పాడు. బురద ఊసే ఎత్తలేదు. అబద్ధం ఆడుతున్నాడని నాకు కోపం వచ్చింది. లోపలికి వచ్చి అడిగేశాను.

"బురద సంగతి అందరికీ ఎరుకనే బిడ్డా" అన్నాడు. "పులుసు సంగతే ఎవ్వలికీ తెల్వది."

ఆ వచ్చిన ఆదివారం పక్కింటి అక్కావాళ్లు వెళ్లారు. ఆ తరువాత మరో రెండు కుటుంబాలు. ఉగాది దాటాక మేం మళ్లీ వెళ్తే టార్పాలిన్ స్థానంలో రేకుల కప్పు, కింద రెండు బల్లలు ఉన్నాయి. ఆమె నన్ను గుర్తుపట్టి, "ఏంది బిడ్డా, ఇయ్యాల వాసనొస్తలేదా?" అంది. నేను సిగ్గుతో తాతయ్య వెనక దాక్కున్నాను. వడ్డన మాత్రం నాతోనే మొదలుపెట్టింది. నన్ను ఆమె అంత తేలిగ్గా క్షమించిందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా పిల్లలకూ సెలవులు చివరి నిమిషంలోనే తేలతాయి. పెద్ద ఊళ్లకు టికెట్లు దొరకవు, గదులుండవు. అప్పుడు వాళ్లు ఫోన్లు పక్కనపెట్టి నావైపు చూస్తారు. మొన్న ములకలపల్లి అవతల, వాగు పొంగి దెబ్బతిన్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్లాను. వస్తే ఇబ్బందేమీ లేదు కదా అని ముందే కనుక్కున్నాను. మేం కూర్చున్న ఇంటి ముసలాయన మనవల చేతుల్లో సీతాఫలాలు పెట్టి, అడవిలో ఏ చెట్టు పండు తీయనో గంటసేపు చెప్పాడు.

కష్టపడి లేస్తున్న ఊరికి చుట్టంలా వెళ్లాలి. పెట్టింది ఇష్టంగా తినాలి. తిరిగొచ్చి అక్కడి మంచిని నలుగురికీ చెప్పాలి. ఇంతకుమించి తాతయ్య నాకేమీ నేర్పలేదు, కానీ ఇన్నేళ్లలో నేను చూసిన ప్రతి కొత్త ఊరూ ఆయన చూపించినట్టే ఉంటుంది.