తడి ఆరని భూతకాలం

ప్రత్తిపాడుకు మూడు మైళ్ల అవతల ఒక హైస్కూల్లో అంకారావు మాస్టారు ఆరేళ్లుగా తాత్కాలికంగా ఇంగ్లీషు చెబుతున్నారు. ఏటా వేసవిలో ఆయన ఉద్యోగం పోయేది; జూన్‌లో తిరిగి వచ్చేది. 1959 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, పాఠం చూసి, బాగుందని రాస్తే పర్మనెంటు. రాయకపోతే ఆ ఖాళీలోకి గుంటూరు నుంచి వేరే మనిషి.

చూపించడానికి ఆయన ఎంచుకున్న పాఠం సామాన్యమైనది కాదు. జరిగిపోయిన పనికి ఎప్పుడు హ్యావ్ పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్న విషయంలో ప్లీడర్లు సైతం దైవం మీద భారం వేసేవారు. మాస్టారు మిరపకాయల మీద వేశారు.

"ఒరేయ్, పని అయిపోయింది, కానీ దాని తడి ఇంకా చేతికి తగులుతోంది. అప్పుడు హ్యావ్. 'ఐ హ్యావ్ లాస్ట్ మై పెన్.' పెన్ను పోయింది, ఇంకా దొరకలా, వాడింకా ఏడుస్తున్నాడు. నిన్న అన్నావా, పోయినేడు అన్నావా, ఆ కాయ ఎండిపోయినట్టే. 'ఐ లాస్ట్ మై పెన్ యెస్టర్డే.' అక్కడ హ్యావ్ పెట్టావంటే బూజు పడుద్ది."

ఇన్‌స్పెక్టరు గారు రెండుసార్లు తల పంకించి, కలం మూత తీశారు. అప్పుడు ఉరిమింది.

బడి గోడ అవతలే బసవమ్మ గారి కల్లం. ఎకరన్నర మిరపకాయ ఆరబోసి ఉంది. ఆ ఊళ్లో మబ్బు పడితే కల్లం ఎవరిదని అడగరు; దగ్గరున్నవాడు పరుగెత్తవలసిందే. తొమ్మిదో తరగతి ముప్పై ఒక్కమందీ కొందరు తలుపులోంచి, కొందరు కిటికీల్లోంచి వెళ్లిపోయారు. 'సార్' అని ఒక్కడూ అనలేదు.

"ఇదేమిటండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"కల్లమండీ," అన్నారు మాస్టారు, ఆరేళ్ల ఉద్యోగం కిటికీలోంచి దూకడం చూస్తూ.

పాఠం ఆపడం మర్యాద కాదు గనక ఖాళీ బెంచీలకు కొనసాగించారు. మిగిలిన విద్యార్థి ఇన్‌స్పెక్టరు గారే కావడంతో ఆయన్నే రెండు వాక్యాలు అడిగారు. ఒకటి ఒప్పు చెప్పారు.

వాన పట్టుకున్నాక పిల్లలు తుమ్ముకుంటూ వచ్చారు. వెనకే బసవమ్మ గారు.

"మాస్టారూ, మీరు పిల్లకాయల్ని తోలబట్టి బతికానయ్యా! కుప్పేసి పట్టా కప్పారు. లేకపోతే కాయంతా తెల్లబడిపోయేది!"

"మీరే పంపారా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

మాస్టారు నోరు తెరిచారు.

"ఇంకెవరు పంపుతారయ్యా? ఆయన చెప్పందే ఈ ఎదవలు కదులుతారా?" అన్నారు బసవమ్మ గారు.

మాస్టారు తరగతి వైపు చూశారు. తరగతి అపూర్వమైన క్రమశిక్షణతో నల్లబల్ల వైపు చూసింది. ఆయన నోరు మూసుకున్నారు.

తనిఖీ ఫారంలో గ్రామసేవ అని ఒక గడి ఉండేది. ఏ బడిలోనూ అందులో రాయడానికి ఏమీ దొరికేది కాదు. ఇన్‌స్పెక్టరు గారు ఆ గడి నిండా రాసి, చాలక అంచు మీద కూడా రాశారు. పాఠం గురించి మాత్రం 'సంతృప్తికరం' అన్నారు. జులైలో పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

కిటికీ దూకినవాళ్లను బెంచీ ఎక్కించాలని మాస్టారికి బలంగా ఉండేది. కానీ వాళ్లను పంపింది తానేనని సర్కారు కాగితం మీద ఉంది. తరువాత ఎప్పుడు మబ్బు పట్టినా తరగతి మొత్తం ఆయన మొహంలోకి చూసేది.

"చూస్తారేంరా? పొండి," అనేవారు. రికార్డుకు తగ్గట్టు నడుచుకోవడం తప్ప ఆయనకు వేరే దారి లేకపోయింది.