గడప లెక్క

పొద్దున్నే ఆరున్నరకు ఆవిడ ఇస్త్రీపెట్టె వేడిచేసేది. పంతొమ్మిదేళ్ళు అదే పని. బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, నీలం చొక్కాకి ముందు కాలరు, తర్వాత చేతులు, ఆ తర్వాత వీపు. జేబు మీద కంపెనీ పేరు కుట్టిన చోట మాత్రం పెట్టె ఆనించకుండా చుట్టూ తిప్పి తీసేది. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎంత నున్నగా ఇస్త్రీ చేసి ఇచ్చినా సాయంత్రానికి ఆ చొక్కా గ్రీజు పూసుకునే వస్తుంది.

"గ్రీజుకి ఇస్త్రీ ఎందుకే?" అనేవాడు ఆయన.

"గ్రీజు మీ పని. ఇస్త్రీ నా పని" అనేది ఆవిడ.

ఇస్త్రీపెట్టె పట్టే పెద్ద సాకెట్టు ముందుగదిలో ఒక్కటే ఉంది, వీధి తలుపు పక్కన. అక్కడ ఎప్పుడూ కూతురు తయారుచేసిన చిన్న పెట్టె తగిలించి ఉండేది. ఆవిడ ఆ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె పెట్టుకునేది. పని అయ్యాక చొక్కా తొడుక్కుంటూ, ఒక చేత్తో గుండీలు పెట్టుకుంటూ, రెండో చేత్తో ఆయన ఆ ప్లగ్గు మళ్ళీ పెట్టేవాడు. పీకడం ఆవిడ వంతు, పెట్టడం ఆయన వంతు. ఇది ఎవరూ చెప్పుకోలేదు, అలా కుదిరిపోయింది.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం పనిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. అప్పటినుంచి ఆరున్నర అవుతుంది, చేతులు ఊరికే ఉంటాయి. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, దుప్పటి సర్ది, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు కూతురి సంగతి చెప్పాలి. పిల్లకి పన్నెండో ఏట మోకాళ్ళ వాపు వచ్చింది. బడి మూడంతస్తులు, తరగతి మూడో అంతస్తులో. ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడి కూతురు మెట్లెక్కలేక బడి మానేయాల్సి వచ్చింది. "బళ్ళో లిఫ్టు పెట్టేదాకా ఇంట్లోనే చదువుకో" అన్నాడు ఆయన నవ్వుతూ. రెండేళ్ళకి మోకాళ్ళు బాగయ్యాయి గానీ పిల్ల ఇంటి చదువుకే అలవాటు పడింది. పరీక్షలు మాత్రం బయటి నుంచి రాసేది. ఇప్పుడు పదహారేళ్ళు, పదకొండో తరగతి పుస్తకాలు. ఆయన దాన్ని "మేస్త్రమ్మా" అని పిలిచేవాడు.

ఇంటి చదువుకి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఏం నేర్చుకున్నా సాయంత్రం అమ్మకి చెప్పాలి. "మీ అమ్మకి అర్థమయ్యేలా చెప్తే నీకు వచ్చినట్టు. లేకపోతే రానట్టే." ఆవిడ చదివింది ఐదో తరగతి. పిల్ల చెబుతుంటే గిన్నెలు తుడుస్తూ "ఊఁ" కొట్టేది. ఆ ఊఁలలో అర్థమయినవి కొన్ని, కానివి చాలా. అర్థం కాలేదంటే పిల్లకి రానట్టే అవుతుంది కదా, పాపం అంత కష్టపడింది కదా అని అన్నిటికీ ఊఁ అనేది.

మైక్రోకంట్రోలర్ అంటే అగ్గిపెట్టెంత పలక మీద కూర్చున్న నల్లటి చిన్న బిళ్ళ అని ఆవిడకి తెలుసు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిది చేయదు. "మీకంటే నయం" అంది ఒకసారి తండ్రీకూతుళ్ళిద్దర్నీ చూస్తూ. దానికి ఏం చేయాలో వరసగా రాసి ఎక్కించడమే ప్రోగ్రామింగు. మొదట దీపం వెలిగించి ఆర్పడం, తర్వాత బజరు మోగించడం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి చేసిందే గడప పెట్టె. తలుపు చట్రానికి అటొక కన్ను, ఇటొక కన్ను. వాటి మధ్య కంటికి కనపడని వెలుగు. ఎవరు గడప దాటినా ఆ వెలుగు తెగుతుంది, పెట్టె మీద అంకె ఒకటి పెరుగుతుంది. అంతే. దేనికీ పనికిరాదు.

"దీనివల్ల ఉపయోగం ఏంటండీ?" అని అడిగింది ఆవిడ.

"మనింట్లో ఎవరు ఎంత తిరుగుబోతో తెలుస్తుంది" అన్నాడు ఆయన. పనికి పోతూ గడప మీద అటూ ఇటూ రెండుసార్లు దాటి, అంకె పెంచి, వెనక్కి చూసి నవ్వి మరీ వెళ్ళేవాడు. "నాన్నా, దొంగలెక్క" అని లోపల్నుంచి అరిచేది పిల్ల.

ఒకరోజు ఆయనే అన్నాడు. "కరెంటు పోతే ఈ అంకె ఏమవుతుంది?"

"బ్యాటరీ పెట్టాను కదా నాన్నా, ఒక పూట ఆగుతుంది. అదీ అయిపోతే మరచిపోతుంది. మరచిపోకుండా దాచే జాగా ఇందులోనే వేరే ఉంది, కానీ అందులో లక్షసార్లే రాయగలం, తర్వాత అరిగిపోతుంది. దాటినప్పుడల్లా రాయకుండా వందకోసారి రాసేలా చేస్తాను, తర్వాత."

"మన గడప లక్షసార్లు దాటేసరికి నువ్వు ముసలిదానివవుతావు. ఇప్పుడే రాసి పారెయ్."

"చేస్తాలే నాన్నా."

ఆ సాయంత్రం పిల్ల తల్లికి కూడా చెప్పింది. "నువ్వు బియ్యం కప్పులతో పోస్తూ మనసులో లెక్కపెట్టుకుంటావు చూడు, మధ్యలో ఎవరైనా పిలిస్తే పోతుంది కదా. ఈ పెట్టె కూడా అంతే, కరెంటు పోతే పోతుంది. అందుకే ప్లగ్గు పీకినా వెంటనే పెట్టెయ్యాలి. అర్థమైందా?"

"ఊఁ" అంది ఆవిడ. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

ఆయన పోయాక పిల్ల ఆ పెట్టెను ముట్టుకోలేదు. ఆ రోజు వచ్చిపోయిన జనంతోనే అంకె మూడువందలు పెరిగింది. తర్వాత రోజుకి ఆరో ఎనిమిదో. పదకొండు వేలు దాటిన అంకెను పిల్ల అటు పోయినప్పుడల్లా చూసేది. ఒకసారి తల్లితో అంది. "ఇందులో నాన్న ఉన్నాడమ్మా. ఎన్నిసార్లో విడదీసి చెప్పలేం గానీ, ఉన్నాడు."

ఆ మాట విన్న రెండు వారాలకి, ఒక ఉదయం ఆరున్నరకు ఆవిడ బీరువా తెరిచింది. మోచేతి దగ్గర తాను కుట్టిన నీలం చొక్కా పైనే ఉంది. ఎందుకు తీసిందో తనకే తెలియదు. దుప్పటి పరిచింది, ప్లగ్గు పీకింది, ఇస్త్రీపెట్టె పెట్టింది. కాలరు, చేతులు, వీపు. వేడికి ఆ గుడ్డలోంచి ఎంత ఉతికినా వదలని గ్రీజు వాసన లేచింది. ఆవిడ చొక్కా ముఖానికి ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత గబగబా మడతపెట్టి, ఎవరైనా చూస్తారేమోనని బీరువాలో అడుగున దాచేసింది. ఇస్త్రీ ప్లగ్గు తీసేసింది. రెండోది పెట్టలేదు. అది ఆయన పెట్టాల్సింది కదా.

సాయంత్రం పిల్ల గ్రంథాలయానికి వెళ్ళాక ఆవిడ తలుపు తీసి చూస్తే పెట్టె నల్లగా ఉంది. గబుక్కున ప్లగ్గు పెట్టింది. అంకె వెలిగింది. సున్నా.

ఏం చేయాలో తోచక గడప దాటింది. ఒకటి. లోపలికి వచ్చింది. రెండు. మళ్ళీ బయటికి. పదకొండు వేలు ఎప్పటికవుతాయని ఆలోచించే తెలివి అప్పుడు లేదు. నడిస్తే పెరుగుతుంది, అంతే తెలుసు. కొంగు బిగించి నడిచింది.

ఎదురింటావిడ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. "ఏంటక్కా, లోపల మరచిపోయింది బయట వెతుకుతున్నారా, బయట మరచిపోయింది లోపల వెతుకుతున్నారా?"

"నడక మంచిదన్నారు డాక్టరు" అంది ఆవిడ.

"అందుకు వీధంతా ఉంది కదా."

నలభై ఆరు దగ్గర ఊపిరి అందక ఆగింది. అప్పుడే పిల్ల వచ్చింది. గడప అవతలే నిలబడి పెట్టె వైపు చూసింది. సంచీ భుజం మీదే ఉంది, దించలేదు.

"అమ్మా, దీన్నేమైనా కదిపావా?"

నిజం ఆవిడ నోటి దాకా వచ్చింది. ఎందుకు పీకావంటే ఏం చెప్పాలి? పోయిన మనిషి చొక్కా ఇస్త్రీ చేశానని ఎలా చెప్పాలి? "లేదే" అంది. "దానంతట అదే అయ్యుంటుంది."

ఆ ఒక్కమాటే పిల్ల నెత్తి మీద కూర్చుంది. దానంతట అదే అయితే తప్పు ఎక్కడుంది? తను రాసిన దాంట్లోనే. ఆ రోజు నుంచి పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని తను రాసింది వరసవరసగా చదవడం మొదలుపెట్టింది. సున్నా అయితే అయింది, మరి నలభై ఆరు ఎలా వచ్చింది? ఇంట్లో ఒక్క మనిషి నలభై ఆరుసార్లు ఎందుకు దాటుతుంది? అంటే కళ్ళు కూడా తప్పు లెక్కపెడుతున్నాయి. తలుపు చట్రం నుంచి వాటిని ఊడదీసింది, మళ్ళీ పెట్టింది, చేతులు అడ్డం పెట్టి వందసార్లు పరీక్షించింది. వందకి వంద సరిగ్గా వచ్చాయి. అది ఇంకా భయపెట్టింది. తప్పు దొరికితే దిద్దవచ్చు, దొరకని తప్పును ఏం చేస్తారు?

లేని తప్పును పిల్ల వెతుకుతుంటే చూస్తూ ఆవిడ ముద్ద మింగలేకపోయింది. పళ్ళెం తెచ్చి పక్కన పెట్టేది. చల్లారాక తీసుకుపోయేది. ఒక సాయంత్రం పిల్ల పాఠం చెప్పడానికి కూడా వంటింట్లోకి రాలేదు.

"ఇవాళ ఏం చెప్పవా?"

"నాకే రాదమ్మా. నీకేం చెప్తాను? నాన్న ఇప్పుడే రాసి పారెయ్యమన్నాడు. చేస్తాలే అన్నాను. నాన్న లెక్కని నేనే పోగొట్టాను."

ఆ రాత్రి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. తెల్లారి చెప్పేద్దామనుకుంది. తెల్లారింది, నాలుక లేవలేదు. అలా వారం గడిచింది.

ఎనిమిదో రోజు ఆయన దగ్గర పని నేర్చుకున్న మెకానిక్కు వచ్చాడు. పిల్ల బాబాయ్ అని పిలుస్తుంది. లిఫ్టులకి లోపల ఉండే కంట్రోలు బోర్డులు బాగుచేసే చిన్న షాపు కంపెనీ పనితో పాటే పెట్టుకున్నాడు. వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి నేర్చుకోమని పిల్లని ముందే అడిగాడు, పిల్ల ఎగిరి గంతేసింది కూడా. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఎప్పటినుంచి వస్తావని అడిగాడు.

"రాను బాబాయ్" అంది పిల్ల. "నేను రాసింది తలుపు లెక్కే సరిగ్గా పెట్టలేకపోయింది. మీది మనుషులు ఎక్కే లిఫ్టు. నావల్ల కాదు. ఇవన్నీ డబ్బాలో పెట్టేస్తాను."

"ఏమైందే? మీ నాన్న నీ గురించి ఎన్ని గొప్పలు చెప్పేవాడు. వినలేక చచ్చేవాళ్ళం."

అతను ఆవిడ వైపు చూశాడు. అతని ఒంటి మీద అదే కంపెనీ నీలం చొక్కా, వీపంతా నలిగి ఉంది. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"తప్పు పిల్లది కాదయ్యా. నేను ప్లగ్గు పీకాను. మళ్ళీ పెట్టలేదు."

పిల్ల తల తిప్పింది. "పీకలేదన్నావు."

"అబద్ధం చెప్పాను. మీ నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను." పరాయి మగవాడి ముందు ఆ మాట అనేసరికి ఆవిడ ముఖం కందిపోయింది. "మళ్ళీ పెట్టేది మీ నాన్నే కదా, ఎప్పుడూ. నాకు గుర్తు రాలేదు. సున్నా చూసి భయమేసి, గడప దాటుతూ కూర్చున్నాను. ఆ నలభై ఆరూ నేనే."

అతను తన బూట్ల వైపు చూశాడు. "సోమవారం రమ్మను వదినా" అని మెల్లగా చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"వారం రోజులు, అమ్మా" అంది పిల్ల. గొంతు పెంచలేదు, పెంచి ఉంటేనే నయమనిపించింది ఆవిడకి. "వారం రోజులు నేను పిచ్చిదానిలా వెతుకుతుంటే పక్కన పళ్ళెం పెట్టి పోయావు."

"అవును."

"నీకు చెప్పాను కదా, పీకినా వెంటనే పెట్టమని. అర్థమైందా అంటే ఊఁ అన్నావు."

"అర్థం కాలేదే. ఎప్పుడూ సగం అర్థం కాదు. కాలేదంటే నీకు రానట్టు అవుతుందని ఊఁ అనేదాన్ని."

పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆవిడ గుమ్మం దగ్గరే కూలబడింది. చెప్పేస్తే బరువు దిగుతుందనుకుంది. దిగలేదు, ఇంకో చోటికి మారిందంతే.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏ చొక్కా?"

"మోచేతి దగ్గర కుట్టింది."

"అయితే నా రాతలో తప్పు లేదా?"

"లేదే తల్లీ. లేనే లేదు."

పిల్ల ముక్కు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. నోటుపుస్తకంలో పాత అంకె రాసి పెట్టుకుంది గానీ, దాన్ని ఎక్కించలేదు. "అది పెట్టె లెక్కపెట్టింది కాదు, నేను రాసింది అవుతుంది" అంది. మరచిపోని జాగాలో రాసే నాలుగు వరసలు మాత్రం ఆ పూటే ఎక్కించి, సున్నా నుంచే మొదలుపెట్టింది. వందకోసారి కాదు, ప్రతిసారీ. తర్వాత వంటింట్లోకి వచ్చి చెప్పడం మొదలుపెట్టింది.

"అర్థమైందా?"

"కాలేదు" అంది ఆవిడ గిన్నె పక్కన పెట్టి. "మళ్ళీ చెప్పు."

మూడోసారికి అర్థమైంది. పిల్ల ముఖంలో నవ్వు రాలేదు, కోపం ఇంకా ఉంది. ఉండాల్సిందే అనుకుంది ఆవిడ.

మర్నాడు ఆరున్నరకు పిల్లే బీరువా అడుగునుంచి ఆ చొక్కా తీసి తెచ్చింది. వారం రోజులు బట్టల కింద నలిగి ముద్దయింది. "కావాలంటే ఇస్త్రీ చేసుకో అమ్మా. ప్లగ్గు పీకినా ఇప్పుడు మరచిపోదు. పరీక్ష చేశాను."

ఆవిడ చొక్కా అందుకుంది. పెట్టె మీద అంకె చూసింది, రాత్రి పిల్ల చేసిన పరీక్షలతో కలిపి అరవై రెండు. ప్లగ్గు మీద చెయ్యి వేసి, పీకకుండానే వెనక్కి తీసుకుంది. చొక్కా దులిపి కుర్చీ వీపుకి తగిలించింది, ముడతలు ముడతలుగానే. బల్ల మీది దుప్పటి మడిచి లోపల పెట్టింది.