అత్తయ్యకి దొరకని లీకు

"అత్తయ్య పోయింది, తెల్లవారుజామున. నువ్వు హడావిడి పడి రానక్కర్లేదులే, పదింటికల్లా తీసుకెళ్ళిపోతాం" అని తమ్ముడు ఫోను చేశాడు. ఆ వెంటనే, షెడ్డులో ఉన్న పాత కారు కాగితాలు ఎక్కడున్నాయో నాకేమైనా తెలుసా అని అడిగాడు. కాకినాడ నుంచి సామర్లకోట అరగంట ప్రయాణం. బస్సు పట్టుకుని నేను వెళ్ళేసరికి వాకిలి కడిగేస్తున్నారు. దినాలు కూడా పూర్తి కాకుండానే పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి, కారుని తాళ్ళు కట్టి లాక్కెళ్ళారు. దాని టైర్లలో గాలి లేదు. వీధి చివరిదాకా నేలని గీసుకుంటూ వెళ్ళింది.

ఆవిడ మా నాన్నకి అక్క. మావయ్య సామర్లకోట స్టేషను బయట టాక్సీ నడిపేవాడు. పెళ్ళయిన ఆరో ఏట విషజ్వరంతో పోయాడు. బావగార్లు ఇల్లూ పొలమూ తాము ఉంచుకుని కారు మాత్రం ఆవిడకి వదిలేశారు. జాలిపడి వదల్లేదు. అది రోజూ నీళ్ళు కారేది, కొండెక్కిన దీపంలా ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. మావయ్య కారు కిందికి దూరినప్పుడల్లా పక్కన కూర్చుని పానాలు అందించిన మనిషి ఈవిడ. అందిస్తూ అందిస్తూ పని నేర్చుకుంది. ఆ కారుతోనే పుట్టింటికి వచ్చి, నాన్న కొట్టు వెనక రేకుల షెడ్డులో దాన్ని పెట్టుకుని, ఒక డ్రైవరుని కుదుర్చుకుని, అద్దెకి తిప్పడం మొదలెట్టింది. బజారులో ఆవిడని 'కారు ముండ' అనేవారు. ఆవిడకి వినపడేలాగే అనేవారు.

రోజూ పొద్దున్న ఇంజను చల్లగా ఉండగానే కారు కింద పాత న్యూస్ పేపర్లు పరిచేది. మధ్యాహ్నం వాటిని తీసి చుక్కలు చూసేది. అప్పట్లో రంగు రంగుల కూలెంటు ఎక్కడిది, రేడియేటర్లో పోసేది నూతి నీళ్ళే. కాగితం మీద తుప్పు మరక పడితే ఒక అర్థం, నూనె జిడ్డు పడితే ఇంకో అర్థం. కొత్తగా వచ్చిన డ్రైవర్లు చుక్క పడిన చోటికి సూటిగా పైకి చూసి, అక్కడే కన్నం ఉందనుకునేవాళ్ళు. "నీళ్ళు పడ్డ చోట వెతుకుతావేంటయ్యా? అవి గొట్టం పట్టుకుని జారి జారి వస్తాయి, ఫాను గాలికి వెనక్కి కొట్టుకుపోతాయి. మొదలు ఎప్పుడూ పైనెక్కడో ఉంటుంది" అని కసిరేది. అనుమానం ఉన్న చోటంతా గుడ్డతో పొడిగా తుడిచి, దాని మీద ముగ్గు పిండి చల్లి ఇంజను వేయించేది. ఆ తెల్లటి పిండి మీద తడి గీత ఎక్కడ మొదలైతే అక్కడే కన్నం. ముగ్గు పిండి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండేది. వాకిట్లో ముగ్గు పెట్టడానికి మాత్రం మా అమ్మ ఆవిడని రానిచ్చేది కాదు.

ఈ మాటల్లో జీవితసత్యాలు వెతుక్కునే అలవాటు, కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కనక, నాకుంది. కానీ ఆవిడ రేడియేటర్ గురించే చెప్పింది. "వేడి మీద మూత తియ్యకు" అన్నప్పుడు కూడా మూత గురించే చెప్పింది. ఆవిడ ఎడమ మోచేతి కింద చర్మం ఎప్పుడో కాలి ముడతలు పడి ఉండేది.

ఆవిడ మెత్తని మనిషేం కాదు. నోరు విప్పితే ఎదుటివాడి తప్పే ముందు చెప్పేది. నేను ఇంటర్ పాసైనప్పుడు నాన్న చదువు చాలన్నాడు. ఆవిడ మూడు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుని నన్ను బి.ఏ.లో చేర్పించింది. చేర్పించాక మాత్రం, "పుస్తకంలో చూస్తే అన్నీ తెలుస్తాయి దీనికి, పక్కన ఉన్న మనిషిని చూడ్డం ఒక్కటే రాదు" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. నేనీ రోజు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మూడు రోజుల పస్తు వల్లే.

ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళు ఆవిడ కారులోనే అత్తారింటికి వెళ్ళారు. ముందు రోజు ఆవిడే కడిగి, తుడిచి, గొట్టాలన్నీ నొక్కి చూసి, క్లిప్పులు బిగించేది. పెళ్ళివాళ్ళు కారు తీసుకెళ్ళడానికి వచ్చే వేళకి షెడ్డు తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. ఎవరూ చెప్పనక్కర్లేదు. కారు వీధి మలుపు తిరిగాక బయటికొచ్చి కాగితాలు మడిచేది. ఆ కారు ఏ పెళ్ళికి వెళ్ళినా ఆవిడ మాత్రం ఒక్క పెళ్ళీ చూడలేదు.

"నీ పెళ్ళి మాత్రం చూస్తానే అమ్మలూ" అని నాతో అనేది. "దగ్గరికి రాన్లే. దూరంగా నుంచుంటాను. తాళి కట్టేటప్పుడు వెనక నుంచి ఒక్కసారి చూస్తే చాలు." చిన్నప్పుడు అమ్మకి జబ్బు చేసి మంచం పడితే, రెండేళ్ళు నాకు నీళ్ళు పోసి అన్నం పెట్టిన చేతులు ఆవిడవి.

బి.ఏ. పరీక్షలు రాసిన వేసవిలోనే నా పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారికి పట్టిసీమ వీరభద్రుడి మొక్కుంది, పెళ్ళి అక్కడే, గోదావరి మధ్య లంకలో ఉన్న గుళ్ళో చెయ్యాలన్నారు. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండున్నరకి. కారు ఇంట్లోనే ఉంది కనక వేరే కారు మాటే ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

పెళ్ళి మూడు రోజులుందనగా ఆవిడ, కారు రోజుకో చెంబెడు నీళ్ళు తాగుతోందనీ, ఎక్కణ్ణించి పోతున్నాయో అంతు చిక్కడం లేదనీ చెప్పింది. నాన్న ఆదరా బాదరా వేరే కారు కోసం తిరిగాడు. మూఢం వెళ్ళిన మొదటి వారం, ఒక్క బండీ ఖాళీ లేదు. మూడు రోజులూ ఆవిడ కాగితాలు పరిచింది, పిండి చల్లింది, గుడ్డతో తుడిచింది. దొరకలేదు. చివరికి, తను కూడా కారులో వస్తే దారిలో చూసుకుంటానంది. డ్రైవరు ఉన్నాడు కదా అని అమ్మ అంది.

"వాడికి నడపడమే వచ్చు. దీని ఒళ్ళు నాకు తెలుసు" అంది ఆవిడ.

అలా ఆవిడ నా పెళ్ళికి బయల్దేరింది. ఇంటి ముందు ఎక్కనివ్వలేదు. ఎదురు పడకుండా తెల్లారకముందే నడిచి వెళ్ళి చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడమన్నారు. మేం వెళ్ళేసరికి మావయ్య కొనిపెట్టిన బూడిదరంగు చీర కట్టుకుని, పనిముట్ల సంచీ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ముందు సీట్లో డ్రైవరుకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. వెనక్కి తిరగవద్దని అమ్మ ముందే చెప్పింది. రాజమండ్రి దాకా నాకు ఆవిడ నెరిసిన ముడి మాత్రమే కనిపించింది.

గోదావరి వంతెన దాటాం. కొవ్వూరు దాటాం. తాళ్ళపూడి ఇంకా రాకముందే ముందు నుంచి ఆవిరి లేచింది. కారు గోదావరి గట్టు పక్కన ఆగింది. మూడు గంటల్లో ముహూర్తం. నాన్న గడియారం చూసుకుంటున్నాడు. అమ్మ నా తల మీద చెంగు కప్పి, అసలు ఈవిడని ఎక్కించుకున్నప్పుడే తనకి తెలుసని, నాకు మాత్రమే వినపడేలా అంది.

డ్రైవరు, పెళ్ళి సామానులో ఉన్న పసుపు గుప్పెడు రేడియేటర్లో పోస్తే కన్నం పూడుకుంటుందనీ, దాంతో పట్టిసీమ చేరతామనీ అన్నాడు. లారీలవాళ్ళు చేసే పనే అది. పసుపు ఆవిడ చేత ముట్టించకండి అంది అమ్మ.

అత్తయ్య సంచీ విప్పింది. ఆవిరి తగ్గాక మూతకి గుడ్డ చుట్టి, తీసి, గోదావరి నీళ్ళు పోయించి, ఇంజను వేయించింది. గొట్టాలు తుడిచి ముగ్గు పిండి చల్లింది. కిటికీలోంచి తల బయటపెట్టి నేనూ చూశాను, ఆవిడ డ్రైవరుకి వేలు పెట్టి చూపిస్తోంది. కింది గొట్టం చివర, క్లిప్పు పక్కన, గోరంత చీలిక. వేడెక్కితేనే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుపోతుంది. మూడు రోజులు దొరకనిది అయిదు నిమిషాల్లో దొరికింది.

"పసుపు పోస్తే నిలబడుతుంది కదండీ?" అని డ్రైవరు మళ్ళీ అడిగాడు.

"నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు. పట్టిసీమ దాకా నేను పక్కన కూర్చుని చూసుకుంటూ రావాలి" అంది. ముగ్గు పిండి మీది తడి గీత తుడిచేసింది. తరవాత సంచీలోంచి బ్లేడు తీసింది. చల్లారేదాకా ఆగే టైము లేదు. గొట్టం లాగితే లోపలి వేడి నీళ్ళు చేతి మీద పడ్డాయి. చీలిక ఉన్న ముక్క కోసేసి, మిగతా గొట్టం ముందుకి లాగి ఎక్కించి, కొత్త క్లిప్పు బిగించి, మళ్ళీ నీళ్ళు పోయించింది. సరిగ్గా ఆ సైజు క్లిప్పు, ఒకే ఒక్కటి, ఆవిడ సంచీలో ఉంది.

ఆ క్లిప్పు గురించి నేను ఇరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. వేడి మీదే తెరుచుకునే చీలిక షెడ్డులో దొరక్కపోవడం సహజమే. ఆవిడ సంచీలో అన్ని సైజుల క్లిప్పులూ ఉండేవేమో, ఆ రోజు అదొక్కటే మిగిలిందేమో. లేకపోతే ఆవిడకి మొదటి రోజే దొరికిందా? దొరికినా, దొరకలేదని చెబితే తప్ప తనని ఎక్కించుకోరని తెలిసి ఊరుకుందా? అడగడానికి నాకు ఇరవై ఏళ్ళ టైము ఉంది, అరగంట దూరంలో ఉన్నాను. అడగలేదు. నాకు కావలసిన జవాబు ఏదో నాకే తెలియదు.

చెయ్యి చెంగుతో చుట్టుకుని ఆవిడ కారు ఎక్కబోయింది. అమ్మ కిటికీలోంచి పిలిచింది.

"వదినగారండీ, ఇంక నీళ్ళు కారవు కదండీ?"

"కారవమ్మా."

"మళ్ళీ ఆగదు కదా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఏమో, చెప్పలేను అంటే చాలు.

"ఆగదు" అంది.

"అయితే మీరిక్కడ ఉండిపోతే బావుంటుందేమోనండీ. మగపెళ్ళివారు రేవులోనే నిలబడి ఉంటారు. ముందు సీట్లో మొదట వాళ్ళ కళ్ళబడేది మీరవుతారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం."

అత్తయ్య నాన్న వైపు చూసింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "అదే మంచిదేమో అక్కయ్యా" అన్నాడు. అప్పుడు, అంత దూరం వెనక్కి తిరగని మనిషి, నా వైపు తిరిగింది.

ఒక్క మాట చాలు. పెళ్ళికూతురు రమ్మంటే ఎవరు కాదంటారు? నేను తల దించుకున్నాను. భయం వేసి దించుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తేలికగా అనిపించింది. రేవులో వాళ్ళు ఆవిడని చూడరు కదా అనిపించింది.

ఆవిడ సంచీ తీసుకుని తలుపు తనే వేసింది. సాయంత్రం నేను కారులో అత్తారింటికి వెళ్తే, నాన్నవాళ్ళు మగపెళ్ళివారి వ్యానులో వేరే దారిన వెళ్ళిపోయారు. ఆవిడ మర్నాడు బస్సులో, చేతికి కట్టుతో ఇల్లు చేరిందని తరవాత విన్నాను. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నా కొడుకు పుడితే పొత్తిగుడ్డలు కుట్టి పంపింది.

ఆ పొద్దున గట్టు మీంచి కారు కదిలింది. అమ్మ వద్దంటున్నా నేను వెనక అద్దంలోంచి చూశాను. ఆవిడ గట్టు మీద నిలబడి లేదు, మా వైపు చూడటం లేదు. ఎండలో, కాలిన చెయ్యి గుండెకి ఆనించుకుని, నడుం వంచి రోడ్డు మధ్యలో నడుస్తోంది. కారు వెళ్ళిన దారి వెంట ఎక్కడైనా ఒక్క చుక్క పడిందేమోనని నేల వెతుకుతోంది. రోడ్డు పొడిగా ఉంది. మేం మలుపు తిరిగేదాకా ఆవిడ వంగి, వెతుకుతూ, మా వెనకాలే వస్తూనే ఉంది.