అనసూయక్క చెయ్యి

ఒక మాటను ఇన్నేళ్ళూ మోశాను. మావారికి చెప్పలేదు, కన్నపిల్లలకు చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అరవైతొమ్మిదిలో మేము అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంటివాళ్ళమ్మాయి అనసూయక్క నారాయణగూడలో టైపు నేర్చుకునేది. నన్ను చెల్లె అనేది.

ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలు. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని వీధిలో కేకలు. ఒక సాయంత్రం మావారు ఆఫీసు నుంచి రాకముందే, రాయొకటి వచ్చి మా తలుపు అద్దాన్ని పగలగొట్టింది. పాపను మంచం కింద దాచి తలుపు పక్కన నక్కాను. కాసేపటికి ఆ పగిలిన అద్దంలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చి గడియ కోసం తడిమింది.

ఎవరని అడిగానా? అడగలేదు. ఆ చేతిని పట్టుకుని, బలమంతా పెట్టి గాజు అంచు మీదికి అదిమాను.

"అమ్మో! నేనే చెల్లె! మిమ్ముల మా ఇంటి దిక్కు తీస్కపోదామని వచ్చిన!"

చిక్కడపల్లి డాక్టరు దగ్గర అక్క స్పృహ తప్పింది. ఆయన నన్నడిగాడు, "గాజు లోతుకు దిగిందా?"

"లేదండీ. పైపైన గీరుకుంది."

ఎంత లోతుకు దిగిందో నేను చూశాను. చెబితే ఎలా దిగిందని అడుగుతాడు, వీధికి తెలుస్తుంది, నా పాప ఏమైపోతుంది? ఇదంతా అప్పుడే అనుకున్నానా, లేక నన్ను నేను సమర్థించుకోవడానికి తర్వాత అల్లుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన నా మాట నమ్మి చర్మం కుట్టి పంపేశాడు.

గాయం మానింది. రెండు వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. నీరసమన్నారు. తైలం నేనే రాసేదాన్ని.

నెలలు గడిచాక ఒక సర్జన్ చూసి, వేళ్ళను లాగే స్నాయువులు తెగి కొనలు లోపలికి వెళ్ళిపోయాయన్నాడు. అప్పుడే తెలిసుంటే కలిపి కుట్టేవాడట. ఇప్పుడు కాలి నుంచి స్నాయువు తీసి చేతిలో అతకాలి. ఆపరేషన్ గది బయట నేను వణికింది ఆ చెయ్యి గురించి కాదు. మత్తులో అక్క అసలు సంగతి చెప్పేస్తుందేమోనని.

వేళ్ళు సగమే వంగాయి. టైపు మానేసింది. "తలుపు ఊగింది, నేనే జారిన" అని అందరికీ చెప్పింది. నిజంగా అలాగే అనుకుందా? నన్ను కాచిందా? అక్క ఇప్పుడు అంబర్‌పేట్‌లో ఉంటోంది. వెళ్ళి అడగాలంటే ఈనాటికీ కాళ్ళు రావు.

తలుపు ఊగలేదు. అక్క జారలేదు. నేనే అదిమాను.

భయం తగ్గలేదు గానీ, ఊపిరి కాస్త ఆడుతోంది.